ఇక వెళ్ళిపోవాలని ఉందా?

కిందటి వారం మనం ప్రొఫెసర్‌ని పెద్దల నిలయం మేనేజరు గది గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడ్డట్టే వదిలేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. లోపలికి తీసుకెళ్దాం.

ఆవిడ నోరు అలా తెరుచుకోవడానికి కారణం ఎదురు గోడ మీదున్న ఫోటో. అది ఆవిడదే. పెద్దవాళ్ళ మనోవ్యథల మీద ఆవిడ రాసిన పుస్తకం వెనకట్ట మీది బొమ్మని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, కింద ‘మా మార్గదర్శి’ అని రాయించి మరీ తగిలించారు. అంతకుముందు సాయంత్రమే విశ్వవిద్యాలయంలో ఆవిడకి సన్మానం జరిగింది. లోలోపల కుంగిపోతున్న ముసలివాళ్ళని ముందుగా కనిపెట్టడానికి ఆవిడ కూర్చిన ప్రశ్నలే ఇప్పుడు ప్రతి నిలయంలోనూ అడుగుతున్నారని, ఆ రంగంలో ఆవిడ పేరు ఎత్తకుండా ఎవరూ వ్యాసం రాయలేరని వక్తలు ఒకరిని మించి ఒకరు పొగిడారు. తెల్లారేసరికి ఫోను. కాలు విరిగి, అది అతుక్కునేదాకా ఎవరికీ భారం కాకూడదని తనంతట తనే ఈ నిలయంలో చేరిన మేనత్తని సాయంత్రానికల్లా ‘ప్రత్యేక పరిశీలన విభాగం’లోకి మార్చేస్తున్నారట.

పేరు అంత పొడుగ్గా ఉంది గానీ, లోపలున్నవాళ్ళూ బయటున్నవాళ్ళూ దాన్ని తాళం వార్డనే అంటారు. తలుపుకి బయట గడియ. రెండు పూటలా మగత మందు. నడుస్తూ వెళ్ళినవాళ్ళు అక్కడ మంచానికి అతుక్కుపోవడం ప్రొఫెసర్ తన కళ్ళారా చూసింది, పుస్తకంలో రాసింది కూడా. ఆ పేజీని మాత్రం ఇంతవరకూ ఎవరూ ఉదహరించలేదు.

ఆ మేనత్త సామాన్యురాలు కాదు. తల్లి లేని ప్రొఫెసర్‌ని పెంచిన మనిషి. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దీ దిద్దీ రిటైరైంది. అక్షరం తప్పు పోతే ఊరుకోదు, మాట తప్పు పోయినా ఊరుకోదు. ఇంటిల్లిపాదీ ఆవిడని దిద్దుబాటత్త అంటారు. అలాంటి మనిషికి మగత మందు పోసి గడియ వేస్తే ఏం మిగులుతుంది?

“రండి మేడమ్, రండి! మీరు మా నిలయానికి రావడమే మా అదృష్టం!” మేనేజరు కుర్చీలోంచి లేచిన వేగానికి బల్ల మీదున్న పాత అలారం గడియారం పడబోయింది. దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. “మా డ్రిల్ టీచరమ్మగారు ఇచ్చారండి, కానుకగా. మీ అత్తగారి గదిలోనే ఉంటారు. మా పెద్దలు మమ్మల్ని సొంత మనుషుల్లా చూస్తారు మేడమ్.”

ప్రొఫెసర్ గడియారం వైపు చూడలేదు. “మా అత్తని తాళం వార్డులో ఎందుకు పెడుతున్నారు?”

“ప్రత్యేక పరిశీలన విభాగం మేడమ్.”

“అదే. ఎందుకు?”

మేనేజరు గొంతు తగ్గించాడు. “ఆవిడకి చనిపోవాలనే కోరిక ఉన్నట్టు తేలిందండీ. మీ ప్రశ్నల్లోనే తేలింది.”

“మా అత్తకా? మొన్న ఫోన్లో, వచ్చే చలికాలానికి ఏ రంగు ఊలు కొనాలో నాతో అంతసేపు మాట్లాడింది! ఆవిడకి అలాంటి ఆలోచనే లేదు.”

మేనేజరు జాలిగా నవ్వాడు. బల్ల సొరుగులోంచి నలిగిన పుస్తకం ఒకటి తీశాడు. దాని వెనకట్ట మీద కూడా ప్రొఫెసరే ఉంది. కళ్ళజోడు సవరించుకుని, బడిలో పద్యం అప్పజెప్పినంత శ్రద్ధగా చదివాడు. “‘మావాళ్ళకి అలాంటి ఆలోచనే లేదని బంధువులు గట్టిగా చెబుతారు. ఆ మాట పట్టించుకోకండి. జరగరానిది జరిగాక అందరికంటే గట్టిగా ఏడ్చేది వాళ్ళే.’ ఎంత బాగా రాశారండీ! చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.”

“అది రాసింది నేనే కదండీ!”

“అందుకే కదా నమ్ముతున్నాం!”

“మరి రాసిన మనిషినే చెబుతున్నాను…”

“ఇప్పుడు మీరు రాసినావిడ కాదు మేడమ్. బంధువు.”

ప్రొఫెసర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడ చాలామంది మూర్ఖులతో వాదించింది. వాళ్ళు ఆవిడ చెప్పింది వినేవాళ్ళు కాదు, అదొక రకం. వీడు ఆవిడ చెప్పింది తు.చ. తప్పకుండా విన్నాడు. వీడితో ఎలా వాదించాలో ఏ పుస్తకంలోనూ లేదు.

“పోనీ ఆవిడని నన్ను ఒకసారి అడగనివ్వండి.”

“సొంతవాళ్ళు అడిగితే పెద్దవాళ్ళు దాస్తారని…”

“డాక్టర్‌ని పిలిపించండి.”

“వచ్చే వారం వస్తారు మేడమ్. అందాకా ఆవిడని ఒంటరిగా వదలకూడదని…”

“నేనే రాశానని అనకండి!”

“అననండి.” మేనేజరు నిజంగానే నోరు మూసుకున్నాడు. కానీ ఎంతసేపని మూసుకుంటాడు? “కానీ మీరే రాశారు మేడమ్.”

“అయితే ఆ నియమం మార్చాలంటే ఎవరిని అడగాలి?”

“సలహా సంఘం ఒప్పుకోవాలి. దాని అధ్యక్షులు ఒక్క మాట చెబితే చాలు.”

“ఎవరా అధ్యక్షులు? నేను మాట్లాడతాను.”

మేనేజరు చూపు మెల్లగా ఎదురు గోడ మీది ఫోటో మీదకి వెళ్ళింది.

గోడకి తల బాదుకోవాలనిపించింది ప్రొఫెసర్‌కి. ఆ గోడ మీద కూడా తన మొహమే ఉందాయె. “సరే, ఇంతకీ మా అత్త ఏమందో అది చెప్పండి. అడిగిన అమ్మాయిని పిలవండి.”

కౌన్సిలర్ అమ్మాయి గుమ్మంలోంచే ప్రొఫెసర్‌ని చూసి గడప తట్టుకుని పడినంత పని చేసింది. “మేడమ్! మీ ప్రశ్నల మీదే నా పీహెచ్‌డీ!” అంది ఆయాసపడుతూ. మెడలో గుర్తింపు కార్డుతో పాటు ఒక ఇత్తడి ఈల వేలాడుతోంది. ప్రొఫెసర్ దానివైపు చూడటం గమనించి మురిసిపోయింది. “డ్రిల్ టీచరమ్మగారు ఇచ్చారు మేడమ్. బళ్ళో ఆవిడ ఊదిన ఈలంట. నేనంటే ఎంత ప్రేమో!”

“చాలా సంతోషం. మా అత్తని నువ్వేం అడిగావు, ఆవిడ ఏమంది? ఉన్నదున్నట్టు చెప్పు.”

అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడింది. “మొదటి ప్రశ్నలన్నీ బాగానే అయ్యాయి మేడమ్. నిద్ర పడుతోందంది, ఆకలేస్తోందంది. మధ్యమధ్యలో నా ఉచ్చారణ కూడా దిద్దింది. చివర్లో ఆ ముఖ్యమైన ప్రశ్న అడిగాను. ‘మీకు ఒక్కోసారి ఇక వెళ్ళిపోవాలని అనిపిస్తుందా?’ అని.”

“ఊఁ.”

“అడగ్గానే ఆవిడ మంచం మీద లేచి కూర్చుంది మేడమ్. ‘ఒక్కోసారేమిటి తల్లీ, పొద్దున లేచిన దగ్గర్నుంచీ అదే ధ్యాస! నువ్వు ఊఁ అను, ఈ క్షణంలో వెళ్ళిపోతాను’ అంది. నాకు చేతులు చల్లబడిపోయాయి. అంతటితో ఆగలేదు. ‘నేనొక్కదాన్నే కాదు, పక్క మంచం టీచర్‌ని కూడా నాతో తీసుకుపోతాను’ అంది.”

మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. “రెండు ప్రాణాలు మేడమ్.”

ప్రొఫెసర్ వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. ముందు నవ్వు వచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాల్సినంత నవ్వే. సగంలో ఆగిపోయింది.

“ఎక్కడికి అని అడిగావా?”

“అడగలేదు మేడమ్.”

“ఒక్క మాటమ్మా! ‘ఎక్కడికి’ అని ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?”

“ప్రశ్నకి ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు, మీద గుచ్చి అడగకూడదు అని మీరే…” అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఏం చేస్తుంది పాపం, ఆ పిల్ల నేర్చుకున్నదల్లా ఈవిడ దగ్గరే. ప్రొఫెసర్ కుర్చీలో కూలబడింది. ఆ ప్రశ్న పుట్టిన రోజులు కళ్ళముందు తిరిగాయి. వయసులో ఉన్నప్పుడు ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్ళని అడిగేది. మొదట్లో ‘చచ్చిపోవాలని ఉందా’ అనే ఉండేది. ఆ మాట వినగానే కోడళ్ళు తలుపులు వేసేసేవాళ్ళు. ఒక పెద్దాయనైతే, ‘పలకరించడానికి వచ్చి ఇవేం మాటలమ్మా, నోరు కడుక్కో’ అని చేతిలో చెంబు పెట్టాడు. అప్పుడే ఆ మాట మార్చింది. చావు మాట ఎవరు మాత్రం నోటితో అంటారు? పోయాడంటాం, వెళ్ళిపోయాడంటాం, దాటిపోయాడంటాం. ‘ఇక వెళ్ళిపోవాలని ఉందా’ అంటే సొంత ఇంట్లో, సొంత పడక్కుర్చీలో కూర్చున్న మనిషికి దానికి ఒకటే అర్థం. ఉన్న ఇల్లు వదిలి ఇంకెక్కడికి పోతాడు? ఆ ప్రశ్నకి తలుపులు తెరుచుకున్నాయి. ముసలివాళ్ళు మనసు విప్పారు. ఆవిడకి పేరొచ్చింది.

అదే ప్రశ్న ఇల్లు వదిలి వచ్చినవాళ్ళని అడిగితే? వాళ్ళకి వెళ్ళడానికి ఒక చోటుంది. రాత్రీ పగలూ వాళ్ళ మనసంతా అక్కడే ఉంది. ఈ ముక్క ఇన్నేళ్ళుగా తనకి ఎందుకు తట్టలేదో, తన మీద వ్యాసాలు రాసినవాళ్ళలో ఒక్కడికీ ఎందుకు తట్టలేదో! ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ప్రొఫెసర్ చేతిసంచీ భుజాన వేసుకుని లేచింది. “పదండి. ఇద్దరూ నాతో రండి. అడిగేది నేను కాదు, నువ్వే అడుగుదువు గాని. నేను చెప్పిన మాటే అడుగు.”

దిద్దుబాటత్త మంచం మీద కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. మంచం పక్కన సంచీ సర్ది సిద్ధంగా ఉంది. పక్క మంచం ఖాళీ. దాని మీద దుప్పటి నాలుగు మూలలూ కలిపి కొత్తదాన్ని మడిచినట్టు మడిచి ఉంది.

“వచ్చావుటే? సన్మానం బాగా జరిగిందా?” అంది మేనకోడల్ని చూసి. “ఆహ్వానపత్రికలో రెండు అచ్చుతప్పులున్నాయి, చూసుకోలేదు నువ్వు. సరేలే, ఆటో పిలువు. నన్నేదో వేరే గదిలోకి మారుస్తారట. నాకే గదీ వద్దు.”

“ఉండత్తా. ఈ అమ్మాయి నిన్నొకటి అడుగుతుంది.”

“మళ్ళీనా! ఈ పిల్లకి ఎన్నిసార్లు చెప్పాలి?”

అమ్మాయి గొంతు సవరించుకుంది. “అమ్మగారూ, మీరు వెళ్ళిపోవాలన్నారు కదా. ఎక్కడికండీ?”

“ఎక్కడికేమిటే పిచ్చిమొహమా, మా ఇంటికి! పెరటివైపు కిటికీ, నా కుర్చీ, నా పుస్తకాలు. ఇక్కడ గోడ గడియారం చప్పుడు తప్ప వినడానికేముంది? ఆ టీచర్‌కి ఎవరూ లేరు, అది కూడా నాతోనే ఉంటుందిలే అనుకున్నాను. ఎందుకలా చూస్తున్నారు ముగ్గురూ?”

మేనేజరు తడబడుతూ విషయం చెప్పాడు. దిద్దుబాటత్త విన్నంతసేపూ విని, తర్వాత మేనకోడలి వైపు తిరిగింది.

“చావాలనుందా అని అడగడానికి వెళ్ళిపోవాలనుందా అని రాశావా?”

“అవునత్తా.”

“ఆ ప్రూఫు నాకు చూపించి ఉంటే కొట్టేసేదాన్ని కదే! చావు అంటే చావు అనే రాయాలి. అంత భయమైతే అడగడం మానేయాలి. ఇన్నాళ్ళు చదివి, ఇంత పేరు తెచ్చుకుని, రెండక్షరాల మాట నోటితో అనలేకపోయావా?”

అత్త తిట్టినందుకు ప్రొఫెసర్‌కి బాధ లేదు, చిన్నప్పటి నుంచీ అలవాటే. అత్త గడియ వెనక్కి వెళ్ళక్కర్లేదు, అదొక్కటి చాలు. కానీ అంతలో మేనేజరు గోడకి ఆనుకుని నిలబడి, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు.

“అయితే మేడమ్… లోపలున్నవాళ్ళు? తాళం వార్డులో?” మొదటిసారి ఆయన దాని అసలు పేరు పలికాడు. “అందరూ అవునన్నవాళ్ళే. అంటే వాళ్ళంతా ఇంటికెళ్ళాలనుంది అన్నారా? అన్నందుకు నేను గడియ వేశానా?”

ఉన్నపళంగా ఆ మనిషి మీద కోపమంతా పోయింది ప్రొఫెసర్‌కి. ఇంటికెళ్ళాలని అన్నవాళ్ళకి మగత మందు పోయించింది తనే. పోసిన చెయ్యి మాత్రమే ఈయనది.

“ఇవాళే తెరుద్దాం,” అంది. “సలహా సంఘం ఒప్పుకుంది. రండి.”

“నేను వెళ్తాను మేడమ్, తాళాలు తెస్తాను,” అని కౌన్సిలర్ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ గుమ్మం వైపు నడిచింది.

“వెళ్ళొస్తాననవే,” అంది వెనకనుంచి దిద్దుబాటత్త. “వెళ్తానని అనకూడదు. మీ బళ్ళలో ఏం నేర్పుతున్నారో.”

“వెళ్ళొస్తానండీ.” అమ్మాయి ఏడుపులోనే నవ్వింది. గుమ్మం దగ్గర ఆగి, ప్రొఫెసర్‌కి కాస్త ఊరట కలిగిద్దామనుకుందేమో, అంది. “పోనీలెండి మేడమ్. అవునన్నవాళ్ళతోనే కదా పొరపాటు. లేదన్నవాళ్ళతో ఏ ఇబ్బందీ లేదు. ఈ టీచరమ్మగారినే చూడండి, నిలయం మొత్తంలో ఆవిడదే అందరికంటే మంచి ఫలితం. ‘నేనెక్కడికీ వెళ్ళనమ్మా, వెళ్ళడానికి నాకెవరున్నారు? చెల్లెలు పోయిననాడే ఇల్లూ పోయింది’ అన్నారు. సున్నా వేశాను. ఇక ఆవిడని వారం వారం పలకరించక్కర్లేదని కూడా రాసేశాను. ప్రమాదం లేనివాళ్ళ దగ్గర కాలం వృథా చేయొద్దని మీరే…”

ఈసారి ఆ మాట దగ్గర అమ్మాయి తనంతట తనే ఆగిపోయింది, ప్రొఫెసర్ మొహం చూసి.

ఎవరున్నారు? ఇల్లూ పోయింది. ఆ ముసలావిడని ఇంటికెళ్తావా అని అడిగారు, వెళ్ళనంది. రెండో సంగతి ఆవిడని ఇంతవరకూ ఎవరూ అడగనే లేదు. అడిగామనుకుని, సున్నా వేసి, పలకరింపు కూడా మానేశారు.

“ఆవిడ ఏదత్తా?”

“ఇందాకే లేచి వెళ్ళింది. ఉండు, ఈ మందు మీద ఏం రాశాడో చూడనీ.” దిద్దుబాటత్త దిండు కిందనుంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. సీసా అడుగంత మందం అద్దాలు. వాటి వెనక ఆవిడ కళ్ళు ఇంతింత అయ్యాయి.

“అది నీ జోడు కాదుగా?”

“నాది పడి పగిలింది. ఇది టీచర్‌ది. పొద్దున నా ఒళ్ళో పెట్టి, ‘ఇక నాకెందుకు, నువ్వుంచుకో’ అంది. మంచిది పాపం, అడక్కుండానే ఇచ్చింది.”

“ఇది లేకుండా ఆవిడకి కనిపిస్తుందా?”

“ఎక్కడ కనిపిస్తుంది! ఎదురుగా ఉన్న గుమ్మం కూడా ఆనదు దానికి.”

కౌన్సిలర్ అమ్మాయి చెయ్యి తనకి తెలియకుండానే మెడలోని ఈలని పట్టుకుంది. మేనేజరుకి బల్ల మీది గడియారం గుర్తొచ్చినట్టుంది, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

ప్రొఫెసర్ అత్త మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గొంతు మామూలుగా ఉంచడానికి ఆవిడ పడ్డ కష్టం ఆవిడకే తెలుసు. “ఎక్కడికెళ్ళింది అత్తా? ఏమైనా చెప్పిందా?”

“చెప్పలేదు. ఆ గుమ్మం పట్టుకుని నిలబడి నావైపు తిరిగింది.” దిద్దుబాటత్త చిరాగ్గా మొహం పెట్టింది. “జీవితమంతా బళ్ళో పనిచేసిందా, దానికీ సరిగ్గా మాట్లాడ్డం రాదు. ‘వెళ్తానమ్మా’ అంది. ‘వెళ్ళొస్తాననవే’ అని దిద్దాను. నవ్వింది గానీ, అనలేదు.”